నూట పదహార్ల తాయెత్తూ, నల్లోడి గజ్జీ

మా వీధి చివర ఇస్త్రీ బండి కింద ఒక నల్ల కుక్క పడుకునేది. పేరు నల్లోడు. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు గానీ, అది ఇస్త్రీ బండి అతనిదేనని వీధంతా అనుకునేవాళ్ళం. అతనూ అలాగే అనుకునేవాడు. శనివారం వచ్చిందంటే దానికి రాజభోగం. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు పొద్దున్నే స్కూటర్ల మీద వచ్చి, నువ్వులనూనె రాసిన రొట్టెలు పెట్టి, దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. ఏలినాటి శని నడుస్తున్నవాళ్ళు నల్ల కుక్కకు రొట్టె పెడితే శనీశ్వరుడు శాంతిస్తాడట. జ్యోతిష్కులు చెప్పే పరిహారాల్లో ఖర్చు తక్కువది ఇదేననుకుంటాను. అందుకని నేనూ పెద్దగా పట్టించుకోలేదు. ఎవరి భయం ఏదైతేనేం, కుక్క కడుపు నిండుతోంది కదా అనుకున్నాను.

పోయిన ఏడాది చలికాలంలో దానికి గజ్జి పట్టింది. ముందు చెవుల అంచులు, తర్వాత మోచేతులు, ఆ తర్వాత పొట్ట. నెల తిరిగేసరికి వెంట్రుకలన్నీ రాలిపోయి, ఒళ్ళంతా బూడిదరంగుకు తిరిగి, గోక్కున్నచోటల్లా చీము పట్టింది. రాత్రిళ్ళు గోక్కుంటూ బండి చక్రానికి కాలు కొట్టుకునే చప్పుడు మా ఇంటిదాకా వినబడేది. రొట్టెలవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. ఒకాయన్ని ఆపి అడిగాను. "ఇప్పుడది నల్ల కుక్క కాదు కదా మాస్టారూ" అన్నాడు. వేళాకోళానికి కాదు, నిజంగానే అన్నాడు. శనిగ్రహానికీ కుక్క వెంట్రుకలకూ ఉన్న సంబంధం అంత నిక్కచ్చిదని నాకు అప్పుడే తెలిసింది.

ఇస్త్రీ బండి అతను మాత్రం ఊరుకోలేదు. రోజుకు నాలుగైదొందలు మిగిలితే గొప్ప అనుకునే మనిషి, ఆ కుక్క కోసం రెండు నెలల్లో ఏమేం చేశాడో వరసగా చెబుతాను. ఎవరో దిష్టి అన్నారు. గుడి దగ్గర తాయెత్తు కట్టించాడు, నూట పదహార్లు. తర్వాత నాటుమందు, ఆకు పసరేదో, 300. మెకానిక్ షెడ్డులో పారబోసే నల్ల ఆయిలు తెచ్చి రెండుసార్లు పూశాడు, అది ఉచితం. హోమియో గుళికలు మూడు వారాలకు 450. చివరికి మందుల షాపు నడుపుతూ జంతువులకు సూదులు కూడా వేసే ఒకతని దగ్గరకు మూడుసార్లు తీసుకెళ్ళాడు, సూదికి 350 చొప్పున 1,050. మొత్తం 1,916 రూపాయలు. ఇందులో ఒక్క రూపాయి కూడా ఆ కుక్కకు ఏ జబ్బు చేసిందో తెలుసుకోవడానికి ఖర్చు కాలేదు. ఈ వ్యాసం మొత్తం ఆ ఒక్క ముక్క గురించే.

ఈలోగా అతని చిన్న కూతురికి చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దద్దుర్లు, దురద. ఇక ఆ తల్లి కుక్కను వదిలించుకుని తీరాలని పట్టుబట్టింది. ఆమెను తప్పుపట్టలేం. కాలవ అవతల వదిలేద్దామని ఒకరు, అన్నంలో ఏదన్నా కలిపి పెడితే దానికీ బాధ తీరుతుందని ఇంకొకరు. ఆ రెండో సలహా ఇచ్చినాయన శనివారం రొట్టెలాయనే. అప్పుడు అతను నా దగ్గరకు వచ్చాడు. "మీరు దేవుడు లేడంటారు కదా మాస్టారూ, మీ వాళ్ళ దగ్గర దీనికేమన్నా మందుందా?" అని.

మిత్రులారా, ముప్పై ఏళ్ళుగా సభల్లో మాట్లాడుతున్నాను. ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

అతను చేసిన పనులు ఒక్కొక్కటే చూద్దాం. తాయెత్తుతో మొదలుపెడదాం. అది పనిచేయదని మనకు తెలుసు, నవ్వుకుంటాం, అక్కడితో ఆగిపోతాం. కానీ అది పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తుందో చెప్పకుండా నవ్వితే జనం మనల్ని ఎందుకు నమ్మాలి? కుక్కల్లో గజ్జి అని మనం పిలిచేది ఒక్క జబ్బు కాదు. అందులో ఒకటి డెమోడెక్స్ అనే పురుగు వల్ల వస్తుంది. పిల్ల పుట్టిన మొదటి రోజుల్లో తల్లి ఒంటినుంచి దానికి అంటుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కల చర్మంలో కూడా కొద్దిగా ఉంటూనే ఉంటుంది. కుక్కపిల్లల్లో మూతి మీదో కంటి చుట్టూనో ఒకటి రెండు మచ్చలుగా వస్తే, చాలావాటికి ఏ మందూ లేకుండానే ఒకటి రెండు నెలల్లో తగ్గిపోతుంది. ఇప్పుడు ఆలోచించండి. ఊళ్ళో పది కుక్కపిల్లలకు అలాంటి మచ్చలొచ్చాయి, పదింటికీ తాయెత్తు కట్టారు, ఎనిమిదో తొమ్మిదో బాగుపడ్డాయి. తాయెత్తు కట్టినాయన అబద్ధం చెబుతున్నాడా? లేదు. తను చూసిందే చెబుతున్నాడు. తాయెత్తు కట్టని పది కుక్కపిల్లల్ని మాత్రం అతను చూడలేదు. కాకి వాలడం, తాటిపండు పడడం కథకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నల్లోడికి వచ్చింది ఆ జబ్బు కాదు. ఆ సంగతి తర్వాత.

హోమియో దగ్గరకు వద్దాం. ఇక్కడొక చారిత్రక వినోదం ఉంది. 1687లోనే ఇటలీలో బొనోమో అనే వైద్యుడు, చెస్తోని అనే మందుల తయారీదారు కలిసి గజ్జి పొక్కులోంచి పురుగును తీసి, సూక్ష్మదర్శిని కింద చూసి, బొమ్మ గీసి మరీ చెప్పారు, దురదకు కారణం ఇదీ అని. ఎవరూ పట్టించుకోలేదు. 1828లో హానిమన్ దీర్ఘవ్యాధుల మీద తన గ్రంథం మొదలుపెట్టి, మనుషుల దీర్ఘరోగాల్లో అత్యధిక భాగానికి మూలం 'సోరా' అన్నాడు. సోరా అంటే ఆయన లెక్కలో గజ్జి తాలూకు దోషం. గజ్జిని పైపూతలతో అణచేస్తే అది లోపలికి పోయి మూర్ఛ మొదలు ఉబ్బసం దాకా నానా రోగాలై బయటపడుతుందట. ఆరేళ్ళు తిరిగాయో లేదో, 1834లో పారిస్‌లో రెనూచి అనే కోర్సికా కుర్రాడు, వైద్య విద్యార్థి, అందరి ముందూ సూదిమొనతో ఆ పురుగును బయటికి తీసి చూపించాడు. ఎక్కడ నేర్చుకున్నాడు ఆ విద్య? తన ద్వీపంలో పల్లెటూరి ఆడవాళ్ళు అలా తీయడం చూసి! పెద్ద పెద్ద ప్రొఫెసర్లకు కనబడనిది ఆ తల్లులకు కనబడింది. ఇది మనవాళ్ళు కూడా గుర్తుపెట్టుకోవలసిన విషయం. నాటు అనగానే అబద్ధం కాదు, డిగ్రీ అనగానే నిజం కాదు.

పురుగు దొరికాక దోషం సిద్ధాంతం సెలవు తీసుకోవాలి కదా. తీసుకోలేదు. ఈ రోజుకీ 'పైపూత రాస్తే రోగం లోపలికి పోతుంది' అని నల్లోడికి గుళికలిచ్చినాయన చెప్పాడట. గుళికల సంగతి మీకు కొత్త కాదు. 30సి అంటే వందకొకటి చొప్పున ముప్పైసార్లు పలుచన చేయడం, అంటే ఒకటి పక్కన అరవై సున్నాలు. పన్నెండోసారి దాటాకే అసలు పదార్థం తాలూకు అణువు ఒక్కటి మిగలడం కూడా అనుమానం. మిగిలేది పంచదార. కుక్క ఇష్టంగానే తిన్నదట, ఎందుకు తినదు!

నల్ల ఆయిలు విషయంలో కొంచెం నిదానించాలి. ఊళ్ళలో దీన్ని నమ్మేవాళ్ళు మూర్ఖులేమీ కాదు. చిక్కటి నూనె ఏదైనా పూస్తే పొక్కులు మెత్తబడతాయి, పురుగులకు ఊపిరాడదు, రెండు మూడు రోజులు దురద తగ్గినట్టే ఉంటుంది. అయితే ఇంజనులో కాలిన నూనెలో లోహాల పొడి, క్యాన్సరు తెచ్చే హైడ్రోకార్బన్లు ఉంటాయి. కుక్క చేసే మొదటి పని దాన్ని నాకడం. చీము పట్టిన చర్మం మీద అది మంట, కడుపులో అది విషం. కిరసనాయిలు కూడా అంతే. ఫినాయిలుతో కడిగేవాళ్ళనూ చూశాను, వాళ్ళకు మాత్రం నా నమస్కారం దూరం నుంచే.

మరి మన అమ్మమ్మలు వాడిన గంధకం? అది పనిచేస్తుంది! మనుషుల గజ్జికి గంధకం లేపనం ఈనాటికీ వైద్యులు రాసే మందే. పశువైద్యంలో సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం ఇప్పటికీ వాడుకలో ఉంది. వేపాకు, పసుపు? 1992లో మన దేశపు వైద్యులు ఒక అంతర్జాతీయ పత్రికలో రాశారు, వేపాకు పసుపు ముద్ద పూస్తే 814 మంది గజ్జి రోగుల్లో 97 శాతం మందికి నయమైందని. చూడ్డానికి గొప్ప అంకె. కానీ పోల్చి చూసేందుకు ఆ ముద్ద పూయనివాళ్ళెవరూ అందులో లేరు. కాబట్టి నేను పనిచేస్తుందనీ అనను, పనిచేయదనీ అనను. ఇది అమెరికా మందు, అది ఆయుర్వేదం అని కులం అడిగి తీర్పు చెప్పడం మన పద్ధతి కాదు. పోల్చి చూశారా లేదా, అంతే అడుగుదాం.

ఇక సూదులు వేసినతను. అసలు కోపం నాకు ఇతని మీదే. ఎందుకంటే తాయెత్తు కట్టేవాడు సైన్సు పేరు చెప్పుకోడు. ఇతను చెప్పుకుంటాడు. కుక్కను తాకి కూడా చూడకుండా స్టెరాయిడ్ ఒకటి, ఆంటీబయాటిక్ ఒకటి గుచ్చి పంపాడు. స్టెరాయిడ్ పడగానే దురద ఆ రాత్రికే తగ్గింది. 'హస్తవాసి మంచిది' అన్నారు. హస్తవాసి! స్టెరాయిడ్ చేసేదేమిటంటే ఒంటి రక్షణ వ్యవస్థను అణచడం. అంటే దొంగ ఇంట్లో ఉండగా కుక్క నోరు కట్టేయడం లాంటిది. పురుగు హాయిగా పెరిగింది, చీము పెరిగింది, వారం తర్వాత దురద రెట్టింపైంది, మళ్ళీ 350. ఇది కుక్కల ముచ్చటే కాదు. మన దేశంలో మనుషుల తామర ఇవాళ ఇంత మొండిగా తయారవడానికి షాపుల్లో అడిగినవాడికల్లా ఇచ్చిన స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటూనే ఉన్నారు. 2018లో ప్రభుత్వం పైపూత స్టెరాయిడ్లు చాలావాటిని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మీ వీధి షాపులో అడిగి చూడండి, ఏ చీటీ అడుగుతారో.

నేను చేసింది పెద్ద ఘనకార్యమేమీ కాదు. ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్దామన్నాను. అతను అన్న మాట వినండి: "అది గేదెలకీ ఆవులకీ కదండీ, కుక్కల్ని చూస్తారా?" చూస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు. ముగ్గురు ఆటోవాళ్ళు ఆ కుక్కను చూసి రామన్నారు. నాలుగో అతను గోనెసంచి పరిస్తే వస్తానని రానూపోనూ 160 అడిగాడు. మూతికి గుడ్డ కట్టి ఎక్కించాం.

డాక్టరమ్మ ముందు ఒక చిన్న పని చేసింది. నల్లోడి చెవి అంచును మడిచి వేళ్ళతో రుద్దింది. వెంటనే వాడి వెనకకాలు దానంతటదే గోకడం మొదలుపెట్టింది. సార్కోప్టిక్ గజ్జి ఉన్న కుక్కల్లో చాలావాటికి ఇలా జరుగుతుందట. తర్వాత మొద్దుబ్లేడు మీద చుక్క నూనె వేసి చర్మం గీకి, గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. నన్నూ చూడమంది. గుండ్రటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, తాబేలులా ఉంది. బొనోమో చూసిన పురుగుకు దగ్గర చుట్టం! అరవై దాటిన వయసులో నాకు కలిగిన ఆనందం ఏ తీర్థయాత్రకూ తీసిపోదు. (మనవాళ్ళు ఈ పోలికను క్షమించాలి.) ఇలా గీకినా సగానికి సగంసార్లు ఈ పురుగు దొరకదనీ, దొరకనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదనీ, లక్షణాలు గట్టిగా ఉంటే మందు వేసి చూడడమే పద్ధతనీ కూడా ఆమె చెప్పింది. పరీక్షకున్న పరిమితిని అడక్కుండానే చెప్పే వైద్యురాలిని నేను నమ్ముతాను.

మందు ఐవర్‌మెక్టిన్. జపాన్‌లో మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఒమురా, క్యాంప్‌బెల్ అనే ఇద్దరి కృషి వల్ల వచ్చింది, 2015లో వాళ్ళకు నోబెల్ వచ్చింది. 2020, 21లలో జనం దీన్నే కరోనాకు మింగారు, పెద్ద ప్రయోగాల్లో ఉపయోగం తేలలేదు. ఒకే సీసా ఒక జబ్బుకు సైన్సు, ఇంకో జబ్బుకు తాయెత్తు! ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇది చదివి సీసా కొని ఇంట్లో గుచ్చేవారు ఉంటారు కాబట్టి లెక్క చెబుతాను. పశువులకు అమ్మే మందులో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. గజ్జికి కుక్కలకు సాధారణంగా వేసేది కిలో బరువుకు 200 నుంచి 400 మైక్రోగ్రాములు. అంటే పది కిలోల కుక్కకు 0.2 నుంచి 0.4 మిల్లీలీటరు. చుక్కలే. 'ఒక సిసి వేసేయ్' అన్నారా, రెండున్నర నుంచి అయిదు రెట్లు పడిందన్నమాట. కోలీ జాతి కుక్కల్లో చాలావాటికి జన్యులోపం వల్ల మామూలు మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది, మన వీధికుక్కల్లో ఏ రక్తం కలిసిందో ఎవరికి తెలుసు? తూకం చూసి, డాక్టరు చేతులమీదుగానే. ఇంకోటి. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ పిల్లికి విషం. ఇంట్లో రెండూ ఉన్నవాళ్ళు జాగ్రత్త.

లెక్క రాసిపెట్టాను. రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు సూది, వేసినందుకు డబ్బు తీసుకోలేదు. బయట కొన్న సీసా 90. చీముకు మూడు వారాల ఆంటీబయాటిక్ మాత్రలు జెనరిక్ షాపులో 210. క్లోర్‌హెక్సిడిన్ షాంపూ 340. ఆటో మూడుసార్లకు 480. వెరసి 1,120. అంటే అతను అప్పటికే తగలేసిన దానికంటే దాదాపు ఎనిమిది వందలు తక్కువ. ఇందులో పెద్ద పద్దు వైద్యం కాదు, ఆటో! ఇప్పుడు ఒక్కసారి మింగితే పోయే మాత్రలు కూడా వచ్చాయి, బాగా పనిచేస్తాయి, కానీ ఒక్క మాత్ర ధర అతనికి రెండు మూడు రోజుల సంపాదన. డాక్టరమ్మ ఆ పేరు చెప్పి, అతని మొహం చూసి, తనే సూది అంది.

పిల్ల దద్దుర్ల సంగతి. కుక్క గజ్జి పురుగు మనిషి చర్మంలోకి దూరి దురద పెడుతుంది గానీ అక్కడ సంతానం పెంచుకోలేదు, కుక్కకు నయమైతే మనిషికీ వాటంతటవే తగ్గుతాయి. పిల్లను పీహెచ్‌సీలో కూడా చూపించాం, మనుషుల గజ్జి కాదని నిర్ధారించుకోవడానికి. కుక్కను తరిమేయాలన్న తల్లికి కావలసింది ఉపన్యాసం కాదు, ఈ రెండు వాక్యాలు. విని, "ముందే ఎవరన్నా చెబితే బాగుండేది కదండీ" అంది.

ఎవరు చెప్పాలి? మా నెలవారీ సమావేశంలో ఈ విషయం ఎత్తితే ఒక మిత్రుడు, "బాబాలు కోట్లు మింగుతుంటే మీరు కుక్క గజ్జి పట్టుకుని కూర్చున్నారేమిటి?" అన్నాడు. ఇంకొకరు, "మూఢనమ్మకాలు మాని డాక్టరు దగ్గరకు వెళ్ళాలి, అంతేగా" అన్నారు. అంతేగా! ఏ డాక్టరు దగ్గరకు? ఎంతవుతుంది? ఏ ఆటో ఎక్కించుకుంటుంది? ఆ మూడింటికీ జవాబు లేని సలహా కూడా నూట పదహార్ల తాయెత్తు లాంటిదే. తాయెత్తు కట్టినాయన కనీసం కుక్క మెడ పట్టుకున్నాడు. 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణాన్ని మనం ప్రతి సభలోనూ వల్లిస్తాం, శాస్త్రీయ దృక్పథం పెంచుకోవాలని. అది (హెచ్). దాని పైనే ఉన్న (జి)లో ప్రాణుల పట్ల దయ చూపాలని ఉంది. మన కరపత్రాల్లో ఆ ముందు వాక్యం ఎప్పుడన్నా అచ్చు వేశామా?

పేదవాడు తాయెత్తు కడితే అజ్ఞానం అంటాం. అతని ఎదుట ఉన్నవేమిటి? తాయెత్తు కట్టేవాడు నడిచి వెళ్ళే దూరంలో ఉన్నాడు, పగలంతా దొరుకుతాడు, వాసన వేస్తున్న కుక్కను చూసి మొహం తిప్పుకోడు, ధర ముందే చెబుతాడు. మనం ఈ నాలుగింటిలో ఒక్కటి చేశామా? అందుకని మా సంఘం తరఫున ఒక చిన్న కాగితం వేయించాం. ప్రభుత్వ పశువుల ఆసుపత్రి ఎక్కడ, ఏ వేళల్లో, కుక్కల్నీ చూస్తారు, గజ్జికి ముందు చర్మం గీకి చూడమని అడగండి, నల్ల ఆయిలు పూయకండి, స్టెరాయిడ్ సూది ఎందుకని అడగండి. కింద వచ్చే ఆటో అతని ఫోను నంబరు. ఇస్త్రీ చేసిన బట్టల మూటల్లో పెట్టి ఇస్తున్నాడు అతను. చార్వాకుల గురించి అందులో ఒక్క ముక్క లేదని అలిగిన మిత్రుడు ఇంకా మాట్లాడ్డం లేదు.

నల్లోడికి ఆరు వారాలకు నూగు మొలిచింది, మూడో నెలకు నిగనిగలాడే నలుపు తిరిగొచ్చింది. మెడలో తాయెత్తు అలాగే ఉంది. తీసేద్దామా అంటే ఇస్త్రీ బండి అతను ఒప్పుకోలేదు. "రెండూ కలిసి పనిచేశాయేమో మాస్టారూ" అన్నాడు. తాయెత్తు ఒక్కటే ఉన్న రెండు నెలలు ఏమైందయ్యా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అన్నాడు. తాయెత్తు మాత్రం తీయలేదు. నేనూ మళ్ళీ అడగలేదు.

శనివారం స్కూటర్లు మళ్ళీ వస్తున్నాయి. మొన్న రొట్టెలాయన నన్ను చూసి, "చూశారా, శని వదిలింది" అన్నాడు. రశీదులు జేబులోనే ఉన్నాయి, తీసి చూపించాను. 1,120లో తన వాటా ఎంతిస్తాడో చెప్పమన్నాను. స్కూటరు స్టార్టు చేశాడు. నల్లోడు ఈలోగా రొట్టె తినేశాడు.

పక్క వీధిలో ఎర్ర కుక్క చెవులు గోక్కోవడం మొదలుపెట్టింది. నల్లోడి జతే అది, దానికీ అంటే ఉంటుంది. సోమవారం తీసుకెళ్ళాలి. ఆటో అతను ఈసారి గోనెసంచి మమ్మల్నే తెచ్చుకోమన్నాడు.